క్రింద నంగడి, మీద నిల్లు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నేను ముప్పదియైదేండ్లు బడిలో శబ్దరూపములు వల్లెవేయించి బ్రతికినవాడను. నగరనిర్మాణముతో నీ పంతులుకేమి పని యని మీలో కొందఱకు తోచుట సహజము. ఇంజనీర్లును కంట్రాక్టర్లును వకీళ్లును ఈ సభలోనే కావలసినంతమంది కలరు. అయినను కార్యదర్శిగారు రెండుమాఱులు జాబు వ్రాసి, అమెరికాలో అమ్మాయి యింట నాఱునెలలుండి వచ్చితిరి గదా, అక్కడ ఇండ్ల విషయమున చూచినది చెప్పుడని కోరిరి. వారి యుద్దేశము నాకు తెలియును. మన విద్యార్థి వసతిగృహపు స్థలమును గూర్చిన తీర్మానము నేటి మధ్యాహ్నము చర్చకు రానున్నది. ఆ మాట యెత్తకుండ నేను మేరీలాండు కథలు చెప్పి కూర్చుండినచో అది కపటమగును. కావున మొదటనే చెప్పుచున్నాను: నా యుపన్యాసము తిరిగి తిరిగి ఆ స్థలమునకే చేరును.

2023 వ సంవత్సరము వేసవియందు నేను వాషింగ్టను నగరమునకు వాయవ్యమున, మేరీలాండు రాష్ట్రములోని మాంట్‌గోమరి కౌంటీకి పోయితిని. కౌంటీ యనగా మన జిల్లావంటిది. కాని మన జిల్లావలె పైనుండి వచ్చిన యధికారి పాలించునది కాదు. ప్రజలెన్నుకొనిన సభయు, ఎన్నికైన కార్యనిర్వాహకుడును, ఏ భూమిని ఏ పనికి వాడవలయునో యాలోచించు ప్రణాళికామండలియు దానికి కలవు. 1950 జనాభా లెక్కలలో అక్కడనున్నవారు 1,64,000. 1970 నాటికి వారు 5 లక్షలు దాటిరి. 2020 నాటి లెక్కలో 10,62,000. ప్రభుత్వ కార్యాలయములు, బెథెస్డాలోని జాతీయ వైద్య పరిశోధనాలయములు, వాని వెంట కంప్యూటరు వ్యాపారములు, ఇవి జనమును పిలిచినవి. మన పిల్లలును ఆ పిలుపు విన్నవారే. జర్మన్‌టవున్, క్లార్క్స్‌బర్గు అను పేటలలో సాయంకాలము నడచునపుడు నాకు తెలుగు వినబడని దినము లేదు.

జనము పెరిగినపుడు ఇంటి వెల పెరుగును. ఇది చెప్పుటకు అర్థశాస్త్రము చదువనక్కఱలేదు. పిల్లలకు చదువు చెప్పువాడు, రోగికి సేవ చేయు నర్సు, బస్సు నడుపువాడు, నిప్పంటుకొన్నపుడు పరుగెత్తివచ్చువాడు, వీరందఱు ఆ కౌంటీలో పనిచేయుదురు గాని అందులో నిల్లు సంపాదింపలేని దినములు 1970 నాటికే వచ్చినవి. అప్పుడు కొన్ని పౌరసంఘములు, ముఖ్యముగా స్త్రీ వోటర్ల సంఘమువారు, పట్టుపట్టి యొక శాసనమును చేయించిరి. యాబది యిండ్లకు తక్కువ కాకుండ కట్టు ప్రతి నిర్మాతయు, అందులో నూటికి 15 ఇండ్లను పరిమితాదాయముగల కుటుంబములకు కౌంటీ నిర్ణయించిన వెలకే యియ్యవలయునని ఆ శాసనసారము.

ఇక్కడ నొక చమత్కారము కలదు. పొటోమాక్ నదికి ఆవలి యొడ్డున వర్జీనియా రాష్ట్రములో ఫేర్‌ఫాక్సు కౌంటీ యున్నది. వారు 1971 లోనే యిట్టి నియమము పెట్టిరి. 1973 లో ఆ రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసినది: పరిహారమియ్యక ఒకరి సొత్తును పుచ్చుకొనుట చెల్లదని. మాంట్‌గోమరివారు పొరుగువాని దెబ్బ చూచి పాఠము నేర్చిరి. నిర్మాతయొద్ద పుచ్చుకొనుటతో నూరకుండక, ఆ భూమిలో మామూలుగా కట్టదగిన యిండ్లకంటె నూటికి 20 వఱకు ఎక్కువ కట్టుకొను ననుమతి నతనికిచ్చిరి. అట్లైనను కౌంటీ కార్యనిర్వాహకుడు దీనిని నిరాకరించెను. సభవారు ఆ నిరాకరణమును త్రోసిపుచ్చి శాసనమును నిలిపిరి. 1974 నుండి అది అమలులో నున్నది. అమెరికాలో నిర్బంధముగా నిట్లు చేయించిన మొదటి శాసనములలో నొకటిగా దీనిని లెక్కింతురు. ఇప్పుడు యాబదికి బదులు ఇరువది యిండ్లు కట్టువాడును ఆ నియమమునకు లోబడినవాడే; భాగము మాత్రము కనీసము నూటికి 12½. ఇంతవఱకు పదివేలకు పైగా నిండ్లు ఈ విధముగా వచ్చినవి.

అమ్మాయి యింటి వరుసలోనే అట్టి యిల్లొకటి కలదట. ఏది యని వెలుపలినుండి నేను కనిపెట్టలేకపోతిని. అదే ఇటుక, అదే గుమ్మము, అదే గడ్డి. ప్రతి సాయంకాలము నాతో నడచు ఎల్ సాల్వడారు దేశస్థు డొకడుండెను. బడి బస్సు నడుపును. నా యింగ్లీషును అతని యింగ్లీషును సమానమగుటచే మాకు బాగుగా కుదిరెను. మూడు నెలలైన పిదప మాటలలో నతడే చెప్పెను, తన యిల్లే యది యని. లాటరీలో పేరు వచ్చినదట. చెప్పునపుడతని ముఖమున సంకోచము లేదు. అతని పిల్లలు మా మనుమరాలి బడికే పోవుదురు. బీదవాండ్ర యిండ్లను ఊరిచివర గుట్టగా కట్టి, దానికొక నాయకుని పేరు పెట్టి, సిమెంటు ఫలకము పాతు మన పద్ధతికి అలవాటుపడిన నాకు ఇది క్రొత్త.

అయితే వారి పనియంతయు మెచ్చదగినదే యని చెప్పిన నేను భట్రాజునగుదును. మొదట ఆ తక్కువ వెల నియమము ఐదేండ్లకే చెల్లునట్లు పెట్టిరి. గడువు తీరగానే యజమాని పూర్తి వెలకు అమ్ముకొనవచ్చును. 1981 లో దానిని పదేండ్లు చేసిరి. అప్పటికిని చాలలేదు. కట్టిన యిండ్లలో నధికభాగము గడువు తీరి విపణిలో కలిసిపోయినవి. ఒకవైపున కట్టుచు నింకొకవైపున పోగొట్టుకొనుట చిల్లికుండలో నీరు పోయుటయే. 2005 లో గాని వారు కన్ను తెఱవలేదు. అప్పటినుండి అమ్మిన యింటికి ముప్పదేండ్లు, అద్దె యింటికి తొంబదితొమ్మిదేండ్లు గడువు పెట్టిరి. ఈ అంకె మీరు జ్ఞాపకముంచుకొనుడు; నాకు దీనితో తరువాత పనికలదు.

ఇక రెండవ సంగతి. ఆ దేశమున ఇల్లొకచోట, అంగడి యొకచోట, పని యొకచోట నుండుట మన కెల్లరకు తెలిసినదే. ఒక పాలసీసాకు కారెక్కవలయును. 1926 లో ఒహాయో రాష్ట్రపు యూక్లిడ్ అను గ్రామమువారి కట్టడినియమములను అక్కడి సర్వోన్నతన్యాయస్థానము సమర్థించినది మొదలు, ఉపయోగములను వేఱు వేఱు మండలములుగా విడదీయుట దేశమంతట వ్యాపించెను. పొగగొట్టము ప్రక్క నిల్లుండరాదనుట మంచిదే. కాని క్రమముగా కిరాణా దుకాణముకూడ ఇంటికి శత్రువైపోయెను.

ఇప్పుడు వారే వెనుకకు మరలుచున్నారు. రాక్‌విల్ పైక్ అను రాజమార్గము ప్రక్కన మిడ్ పైక్ ప్లాజా యను పాత యంగళ్లవరుస యుండెడిది. ఒకే అంతస్తు, ముందు బండ్లు నిలుపు తారుమైదానము. 1984 నుండి నడకదూరములో మెట్రోరైలు స్టేషను ఉన్నను, ఆ మైదానము మైదానముగానే యుండెను. 2010 లో కౌంటీవారు ఆ ప్రాంతమునకు క్రొత్త ప్రణాళికను అంగీకరించిరి. దాని ననుసరించి ఆ వరుసను పడగొట్టి, వీధులు తీసి, క్రింద అంగళ్లును భోజనశాలలును, మీద నివాసములును, ప్రక్కన కార్యాలయములును కట్టిరి. పైక్ అండ్ రోజ్ అని పేరు. 2014 లో మొదటిభాగము తెఱచిరి. ఒక మేడమీద కూరగాయల తోటకూడ వేసినారు. అల్లుడు నన్నక్కడికి తీసికొనిపోయినపుడు, నాకు మా తాతగారి ఊరి బజారువీధి జ్ఞాపకమునకు వచ్చెను. కాఫీ వెల విన్న పిమ్మట ఆ జ్ఞాపకము చెదిరినది. నివాసముల అద్దెలును ఆ కాఫీకి తగినట్లే యున్నవి. శాసనము లేకున్నచో అక్కడ బస్సు నడుపువానికి గది దొరకదు. శాసనమున్నది గనుక కొన్ని దొరకుచున్నవి.

ఆ మార్గముననే కొంచెము దూరమున వైట్ ఫ్లింట్ మాల్ అను పెద్ద అంగడిసముదాయ ముండెను. 1977 లో కట్టినది. దానిని కూడ కూల్చి ఊరుగా చేయవలయునని తలపెట్టిరి. కాని అందులోని యొక పెద్ద వస్త్రశాలవారు, మాకు మాల్ నిలిపియుంచెదమని ఒడంబడిక వ్రాసిచ్చితిరి గదా యని దావా వేసిరి. 2015 లో జ్యూరీ వారికి 3 కోట్ల 10 లక్షల డాలర్లు ఇప్పించెను. నేను చూచిననాటికి ఆ స్థలము పచ్చిక మొలచిన బీడు. ఒప్పందపత్రమును చదువక కట్టడము కూల్చరాదని యిందలి విశేషము. మన వసతిగృహపు ముందున్న ఏడు దుకాణముల కిరాయిపత్రములు ఎవరియొద్ద నున్నవో, ఎన్నటితో గడువు తీరునో కార్యవర్గములో నే నడిగితిని. ఇంతవఱకు సమాధానము రాలేదు.

అన్నిటికంటె నాకు నచ్చినది షేడీ గ్రోవ్ స్టేషనునొద్ద చూచితిని. పూర్వము కౌంటీవారి గిడ్డంగులు మొదలైనవి యుండిన చోట 268 వాటాల భవనము 2023 లో తెఱచిరి. దానిలో నధికభాగము కౌంటీ గృహసంస్థ సొత్తు. నూటికి 30 వాటాలు తక్కువ అద్దెకు. మిగిలినవి మామూలు అద్దెకు. ధనము తెచ్చిన విధము మాత్రము మన దాతలు చెవియొగ్గి వినదగినది. ఇట్టి భవనమునకు బ్యాంకు కొంత అప్పిచ్చును; మిగిలినదానికి ధనికులు పెట్టుబడి పెట్టి పెద్ద లాభము కోరుదురు; ఆ లాభము అద్దెలోనికి ఎక్కును. కౌంటీవారు 2021 లో 5 కోట్ల డాలర్ల నిధి నేర్పఱచి, పిమ్మట దానిని రెట్టింపు చేసి, ఆ ధనికుల స్థానమున తామే స్వల్పవడ్డీకి ధనము పెట్టుచున్నారు. భవనము పూర్తియై అద్దెలు వచ్చుట మొదలైన పిదప దీర్ఘకాలపు అప్పు తెచ్చి, ఆ నిధిని నిధికి మరల చెల్లింతురు. అదే ధనము మఱియొక భవనమునకు పోవును. దానమిచ్చి మఱచిపోవుట కాదు. దానము తిరిగివచ్చి మరల పనిచేయుట. ఆ భవనముపై దాత పేరు మాత్రము నాకు కనబడలేదు.

ఊరు దట్టముగా పెరుగుటకు చోటిచ్చినవారే ఇంకొకచోట పెరుగకుండ కట్టుబాటును చేసిరి. 1980 లో కౌంటీలో మూడవవంతు, అనగా 93,000 ఎకరములు, వ్యవసాయమునకని కేటాయించిరి. అక్కడ 25 ఎకరముల కొక యిల్లే కట్టవలయును. రైతునకు నష్టము రాకుండ, అతని కట్టడహక్కును పట్టణప్రాంతపు నిర్మాతల కమ్ముకొను వీలు కల్పించిరి. మన డెల్టాలో వరిచేలు లేఔట్లగుట చూచుచున్న మనము దీనిని వేఱుగా నొకదినము చర్చింపవలయును; నేడు వ్యవధి లేదు.

ఇవి విదేశపు పోకడలు, మనకెందుకని యందురా? శామశాస్త్రిగారు 1909 లో ప్రకటించిన కౌటిల్యుని యర్థశాస్త్రము మూడవ యధికరణము చూడుడు. ఇంటికిని ఇంటికిని నడుమ నెంత యెడముండవలయునో, మురుగునీరెట్లు పోవలయునో, పొరుగింటికి బాధలేకుండ గవాక్షమెక్కడ పెట్టవలయునో చెప్పి, అద్దె చెల్లించినవానిని వెడలగొట్టిన యజమానికి పండ్రెండు పణములు దండుగ వేసినాడు. పొమ్మన్నను పోని అద్దెవానికిని అంతే. ఆ నియమము మన జిల్లాలో నడచియుండినచో, నేను ఉద్యోగములో చేరిన రెండవయేట పండుగముందు రాత్రి పుస్తకములు నెత్తిన పెట్టుకొని వీధిలో నిలిచియుండను. ఆ యజమానునికి నాకంటె నూఱు రూపాయలు ఎక్కువ ఇచ్చువాడు దొరకెను. అంతే కారణము.

ఇక మన స్థలము. మన పూర్వులు బియ్యము పోగుచేసి, పెండ్లికి వచ్చిన చదివింపులలో భాగము తీసి కొన్నది. అప్పుడది ఊరిబయట. ఇప్పుడు బస్సుస్టాండునకు పదినిమిషముల నడక. ఆ వసతిగృహములో చదివినవారు డాక్టర్లై, ఇంజనీర్లై, యీ వేదికమీదనే కొందఱున్నారు. ఒక నిర్మాణసంస్థవారు దానిని పడగొట్టి, మూడంతస్తుల అంగళ్లును, పైన చల్లగాలి యంత్రములతో కల్యాణమంటపమును కట్టెదమనియు, విద్యార్థులకు ఊరిబయట పదునాలుగు కిలోమీటర్ల దూరమున గదులు కట్టియిచ్చెదమనియు చెప్పినారు. చిత్రపటము అందముగా నున్నది. అందులో చెట్లుకూడ గీసినారు. తీర్మానము దానిని గూర్చియే.

నేను మొదట నా తప్పు చెప్పుకొనవలయును. కొన్నేండ్ల క్రిందట ఆ స్థలపు తూర్పుభాగమును భవననిధికని అమ్మినపుడు, చేయెత్తినవారిలో నే నొకడను. అప్పుకొఱకు ఆ నిధిని కదలింపవలసివచ్చినది, భవనము రాలేదు, స్థలము పోయినది. ఇప్పుడక్కడ మోటారుసైకిళ్ల దుకాణమున్నది. ఆ వీధిని పోవునపుడు నేను ఎడమప్రక్కకు చూడను.

నా విద్యార్థి యొకడున్నాడు, మన కులమువాడే. ఆ పట్టణములోనే ఆస్పత్రిలో ల్యాబు పని. వానికి పట్టణములో అద్దె పెట్టు శక్తి లేదు. ముప్పది కిలోమీటర్ల దూరపు పల్లెనుండి రోజూ వచ్చిపోవును. "మాస్టారూ, మా పిల్లవాడు మేలుకొనియుండగా నేనింట నుండుట ఆదివారమే" అని నాతో ననినాడు. వీనికి కల్యాణమంటపముతో నేమి పని? తన పెండ్లి గుడిలో చేసికొన్నాడు.

అందుచేత నా సవరణ యిది. పడగొట్టవలదనుట లేదు, భవనము కురియుచున్నది. క్రింద అంగళ్లు ఉండనిండు. వాని కిరాయియే మిగిలినదానిని పోషింపవలయును. దానిపై నొక చిన్న సభాశాల చాలును. మన పెండ్లిండ్లకు ఊరిలో నిదివఱకే మంటపములు కలవు, ఏడాదిలో ముహూర్తములెన్నియో పంచాంగము చూచిన తెలియును. దానిపై విద్యార్థుల గదులు, స్థలము మార్చరాదు. ఆపైన చిన్న యిండ్లు. అద్దె కుటుంబాదాయములో నూటికి ముప్పదిని మించరాదు. అమెరికాలో ప్రభుత్వము వాడు కొలత యదియే, మనకును పనికివచ్చును. నేలను గాని, వాటాను గాని తొంబదితొమ్మిదేండ్లలోపల అమ్ముట కెవ్వరికిని, రాబోవు కార్యవర్గములకును, అధికారముండరాదని ధర్మకర్తృత్వపత్రములో వ్రాయవలయును. ఐదేండ్ల గడువుతో మాంట్‌గోమరివారు పోగొట్టుకొన్నది మీరు వింటిరి.

దాతలకు మనవి. మీరు గదికొక ఫలకము చొప్పున ఇచ్చెదరు, సంతోషము. ఫలకము లేకుండ, వడ్డీ లేకుండ, ఎనిమిదేండ్లకు మరల చెల్లింపబడు పద్ధతిని ఇచ్చువారు మీలో నెందఱు? వచ్చిన ధనము రెండవ పట్టణములోని మన స్థలమునకు పోవును. డాలర్లలో సంపాదించు తమ్ములు, చెల్లెండ్రు దీని నాలోచింపవలయును. విదేశమునుండి ధనము తెచ్చుటకు చట్టపు నియమములు కలవు. వానిని మన ఆడిటరుగారు చూతురు.

ఒక మాట కొందఱకు రుచింపదు. ఆ చిన్న యిండ్లలో కొన్నిటిని కులముతో నిమిత్తము లేక, లాటరీ మీద, ఆ పట్టణములో పనిచేయు బీదలకెవరికైన నియ్యవలయునని నా యభిప్రాయము. అమెరికాలో 1968 నుండి జాతిని, మతమును, పుట్టిన దేశమును చూచి ఇల్లు లేదనుట చట్టవిరుద్ధము. మన పిల్లలు అక్కడ నిండ్లలో చేరినది ఆ చట్టపు నీడనే. అక్కడ పొందినదానిని ఇక్కడ లేదనుట యెట్లు? వేదికమీదివారు కొందఱు తల యూపుచున్నారు, కొందఱు గడియారము చూచుచున్నారు. ఇద్దఱకును నమస్కారము.

సవరణ ప్రతిని చేతివ్రాతతో వ్రాసి కార్యదర్శిగారి కిచ్చితిని. నియమావళి ప్రకారము బలపఱచువారు ఇద్దఱుండవలయును. ఒకరు దొరకినారు. రెండవవారికొఱకు భోజనశాల ద్వారమునొద్ద రెండుగంటలవఱకు వేచియుందును.